బాపు బండి మళ్లీ రోడ్డెక్కాలంటే

మోటారు సైకిళ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా బాపు 1992లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 పరకాల దగ్గర మా ఊరి ఇంట్లో, వడ్ల బస్తాల పక్కన, కరోనా లాక్‌డౌన్ నాటి నుంచి అలాగే నిలబడి ఉంది. బాపు రెండేళ్ల కింద కాలం చేశారు. కిక్ రాడ్ కదలడం లేదు, ట్యాంకు లోపల తుప్పు పట్టింది, ఆర్‌సీ గడువు 2022లో ముగిసింది. హనుమకొండలో చిన్న ఉద్యోగం చేసుకుంటున్న నేను 30,000 రూపాయలకు మించి పెట్టలేను. మెకానిక్ ఇంజిన్ మొత్తం దింపాలంటున్నాడు, తమ్ముడేమో ముందు పెయింట్ వేయిద్దామంటున్నాడు. ఆ బండి మీదనే అమ్మను మేడారం తీసుకుపోవాలని నా కోరిక. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఖరీదైన వాక్యం ఆర్‌సీ గడువు 2022లో ముగిసిందన్నది. మెకానిక్ దగ్గరికి వెళ్లక ముందే ఆ లెక్క తేల్చుకోండి. సొంత వాడకపు బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిల్‌కు ఈ పునరుద్ధరణ రుసుమును కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టులో 2,000 రూపాయలకు పెంచింది. అంతకన్నా బరువైనది ఆలస్య రుసుము. గడువు దాటిన ప్రతి నెలకు మోటారు సైకిల్ మీద 300 రూపాయలు పడుతుంది కనుక, 36 నెలలే అనుకున్నా 10,800 అవుతుంది. అంటే ఒక్క నట్టు కూడా విప్పకముందే మీ డబ్బులో నలభై శాతానికి పైగా ప్రభుత్వ ఖాతాలోకి పోతుంది. దీనికి హరిత పన్ను, పేరు మార్పిడి రుసుము, బీమా అదనం. 75 నుంచి 150 సీసీ వరకు ఉన్న బండ్లకు థర్డ్ పార్టీ బీమా ప్రీమియాన్ని 2022లో ఏడాదికి 714 రూపాయలుగా నిర్ణయించారు, పన్ను దాని మీద వేస్తారు. ఇవన్నీ కలిపి ఎంతవుతుందో రవాణా శాఖ కార్యాలయంలో ముందే లెక్క కట్టించుకోండి. ఈ అంకె తెలియకుండా ఇంజిన్ దింపించినవారి బండ్లు బాగైన తర్వాత కూడా ఇంటి ముందే నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను.

బండి మీ బాపు పేరు మీదే ఉంది కనుక పేరు మార్పిడికి ఫారం 31 పెట్టుకోవాలి. యజమాని మరణించిన 30 రోజుల్లో సమాచారం ఇచ్చి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలన్నది నియమం. మీకు ఆ గడువు దాటిపోయింది, దానికీ కొంత రుసుము ఉంటుంది కానీ పని ఆగదు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మ, తమ్ముడు తమకు అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం సిద్ధం చేసుకోండి. పునరుద్ధరణకు ఫారం 25 వేరుగా ఉంటుంది. మీ బండి నంబరు ఏపీ 36తో మొదలవుతుంది కాబోలు. అది పాత వరంగల్ జిల్లా సంకేతం, దానిని టీజీగా మార్చుకోవాల్సిన అవసరం లేదు. బాపు నంబరు బాపు నంబరుగానే ఉంటుంది.

తనిఖీకి బండిని చూపించాలి కనుక, చివరి ముద్ర పడేది బండి నడిచే స్థితికి వచ్చిన తర్వాతే. అప్పటిదాకా దానిని రోడ్డు మీద నడపకండి. పరకాల నుంచి హనుమకొండకు ట్రాలీ ఆటోలో వేసుకొని రండి.

ఇక ఇంజిన్. ఆర్‌ఎక్స్ 100ను మన దేశంలో 1985 నుంచి 1996 వరకు ఎస్కార్ట్స్ సంస్థ తయారు చేసింది. 50 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 50 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 98 సీసీ, 11 హార్స్ పవర్ కలిగిన టూ స్ట్రోక్ యంత్రం అది. దానిలో కదిలే భాగాలు చాలా తక్కువ కనుక, మెకానిక్ మాట విని భయపడి మొత్తం దింపించకండి. కిక్ రాడ్ కదలనంత మాత్రాన ఇంజిన్ చచ్చిపోయినట్టు కాదు. ఐదారేళ్లు ఒకేచోట ఆగిన పిస్టన్ రింగులు తుప్పుతో సిలిండర్ గోడకు అతుక్కుపోతాయి. బలమంతా పెట్టి కిక్ మీద ఎక్కి తొక్కితే రింగు విరగవచ్చు, కిక్ పండ్లూ అరిగిపోవచ్చు. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో సగం డీజిల్, సగం ఇంజిన్ ఆయిల్ కలిపి రెండు చెంచాలు పోసి, మూడు రోజులు వదిలేయండి. తర్వాత ప్లగ్గు పెట్టకుండానే బండిని నాలుగో గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. అతుకు విడిచినప్పుడు చేతికే తెలుస్తుంది. తిరగలి మొదటి చుట్టు బరువుగా తిరిగి, రెండో చుట్టు తేలికైనట్టు ఉంటుంది.

విడిచింది కదా అని వెంటనే స్టార్ట్ చేయకండి. హెడ్డూ సిలిండరూ పైకి తీసి మూడు సంగతులు చూడండి. మొదటిది, సిలిండర్ లోపలి గోడ: వేలుగోరు అడ్డంగా జరిపితే తగులుకునే గీతలో గుంటలో ఉంటే బోరు చేయించాలి, అంటే లేత్ మీద గోడను కొద్దిగా చెక్కి వెడల్పు చేయించాలి. రెండోది, పిస్టన్ తల మీద ఉన్న అంకె: ఓవర్‌సైజులు 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ.గా వస్తాయి, 0.50 అని ఉంటే ఇదివరకే రెండు మెట్లు బోరు చేశారన్నమాట. ఇప్పటికే 1.00 దాకా వచ్చి ఉంటే ఇక బోరు చేయడానికి చోటు లేదు, లోపల కొత్త గొట్టం, అంటే స్లీవ్, వేయించుకోవాల్సిందే. మూడోది, కనెక్టింగ్ రాడ్: దానిని రెండు వేళ్లతో పట్టుకొని నిటారుగా పైకీ కిందకీ లాగండి, ఏమాత్రం టకటకలాడినా కింది బేరింగు పోయిందని అర్థం, అప్పుడు మాత్రం మీ మెకానిక్ చెప్పినట్టు ఇంజిన్ దింపక తప్పదు. అటూ ఇటూ కొద్దిగా ఊగడం మామూలే, దానిని చూపించి ఎవరైనా ఆ రాడ్ తిప్పే క్రాంక్ ఇరుసును మార్చాలంటే ఒప్పుకోకండి. బోరు చేయించేటప్పుడు ముందు పిస్టన్ కొని, దానిని సిలిండర్‌తో పాటు లేత్ షాపులో ఇచ్చి, ఆ పిస్టన్‌కు కొలిచి చేయమనండి. బోరు ముందు, పిస్టన్ తర్వాత అయితే ఇంజిన్ వేడెక్కి పట్టేసే ప్రమాదం ఉంటుంది.

నిలబడి ఉన్న టూ స్ట్రోక్ బండిలో అందరూ మరిచిపోయేది క్రాంక్ ఆయిల్ సీళ్లు. రబ్బరు ఎండి గట్టిపడుతుంది. మాగ్నెట్ వైపు సీలు పోతే ఇంజిన్ బయటి గాలిని పీల్చుకుంటుంది, మిశ్రమంలో పెట్రోలు వంతు తగ్గి, ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తిప్పనప్పటి ఇంజిన్ వేగం) తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, పిస్టన్ వేడికి పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిల్ లోపలికి పోయి మండి, ఎంతకీ ఆగని తెల్లటి పొగ వస్తుంది. ఎంతో ఖర్చు పెట్టి బోరు చేయించి, కొద్ది రూపాయల సీలు మార్చనందువల్ల నెల తిరగకముందే మళ్లీ పిస్టన్ పట్టేసిన బండ్లు ఎన్నో మెకానిక్ షెడ్లకు తిరిగి వస్తాయి.

కార్బొరేటర్ పనిని మీరే ఒక ఆదివారం మధ్యాహ్నం చేసుకోవచ్చు. పాత పెట్రోలు ఆరిపోయి బంక కట్టి, ఐడ్లింగ్ జెట్టు రంధ్రాన్ని మూసేస్తుంది. దానిని ఇనుప తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. కరెంటు వైరులోని ఒక సన్నని రాగి పోగు చాలు. విప్పిన మరలను ఒక కోడిగుడ్ల అట్టలో వరుసగా పెట్టుకోండి, ముప్పై గుంటల అట్ట ఒక కార్బొరేటర్‌కు, ఒక మాగ్నెట్ కవరుకు సరిపోతుంది. ప్రతి భాగాన్నీ విప్పక ముందు ఫోనుతో ఒక ఫొటో తీసుకోవడం మరవకండి. నా రోజుల్లో మేము అట్ట మీద ఇంజిన్ కవరు బొమ్మ గీసి, ఏ మర ఎక్కడిదో అక్కడే గుచ్చేవాళ్లం, ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఈ బండికి పాయింట్లు, అంటే స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంపే చిన్న మొనలు, ఉంటాయి. వాటిని సన్నని ఎమరీ కాగితంతో తుడిచి, ఫీలర్ గేజితో ఖాళీని 0.35 మి.మీ. దగ్గర పెట్టించుకుంటే స్పార్క్ సంగతి చాలావరకు తీరుతుంది.

ట్యాంకు తుప్పుకు బాత్‌రూమ్ యాసిడ్ పోయమని చెప్పేవారు ఉంటారు, పోయకండి. అది తుప్పుతో పాటు రేకునూ తింటుంది, కడిగిన గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పును లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల చొప్పున గోరువెచ్చని నీళ్లలో కలపండి. పెట్రోల్ ట్యాప్ విప్పి ఆ రంధ్రాన్ని బిగించి, ట్యాంకు నిండా ఆ నీళ్లు పోసి, పాత చైను ముక్క ఒకటి వేసి, అప్పుడప్పుడు ఊపుతూ రాత్రంతా ఉంచండి. పొద్దున పారబోసి, తినే సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచి నీళ్లతో మరోసారి కడిగి, ఎండలో పూర్తిగా ఆరిన వెంటనే కొంచెం టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోలులో కలిపే నూనె) పోసి లోపలంతా తడిసేలా తిప్పండి. వరంగల్ ఎండాకాలంలో ఈ పని పెట్టుకుంటే ఆరబెట్టడానికి గంట చాలు, వానాకాలంలో అయితే ఆరేలోపే కొత్త తుప్పు మొదలవుతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. 1992 నాటి రబ్బరు గొట్టాలు, కార్బొరేటర్‌లోని రబ్బరు భాగాలు దానికోసం చేసినవి కావు, అవి ఉబ్బి మెత్తబడతాయి. గొట్టం, నీడిల్ వాల్వు, ట్యాప్ వాషర్లు కొత్తవి వేయించండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక, వారానికి మించి బండి నిలబెట్టాల్సి వస్తే ట్యాప్ మూసి, కార్బొరేటర్‌లో ఉన్నదంతా ఖాళీ అయ్యేదాకా ఇంజిన్ నడిపించి ఆపండి.

బ్రేకులు, టైర్ల విషయంలో మాత్రం బేరమాడకండి. ముందు టైరు 2.50-18, వెనుకది 2.75-18. టైరు పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. రోడ్డును పట్టుకునే పై బట్టన్లు ఎంత బాగున్నా పక్కన పగుళ్లున్న టైరు మీద అమ్మను కూర్చోబెట్టుకొని ములుగు రోడ్డు ఎక్కకూడదు. బ్రేకు లైనర్లు, రెండు బ్రేకుల కేబుళ్లు, స్టీరింగ్ కోన్‌సెట్ గోళీలు, చైను, రెండు స్ప్రాకెట్లు చూడండి. చైనూ స్ప్రాకెట్లూ మారిస్తే మూడూ కలిపే మార్చండి, అరిగిన పండ్ల మీద కొత్త చైను ఎక్కువ కాలం బతకదు. బ్రేకు డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కనుక తడి గుడ్డతో తుడవండి.

డబ్బును నేనైతే ఇలా పంచుతాను. కాగితాలకు 15,000, ఇంజిన్‌కు 8,000, టైర్లు, బ్రేకులు, చైనుకు 6,000. మిగిలిన వెయ్యి చేతిలోనే ఉంచుకోండి, ఎందుకంటే ఏ పాత బండి అయినా ఒక అనుకోని ఖర్చు చూపిస్తుంది. బోరు అవసరం లేదని తేలితే మీ అదృష్టం, ఆ డబ్బు టైర్లలో పెట్టండి. పెయింట్‌కు ఈ ఏడాది డబ్బు లేదు. తమ్ముడికి నా మాటగా చెప్పండి.

పెయింట్ ఎప్పుడు వేయించినా ఒక జాగ్రత్త తీసుకోవాలి. చాలా ఏళ్ల కింద నా సొంత బండి ఫ్రేమును పౌడర్ కోటింగ్‌కు ఇచ్చినప్పుడు, స్టీరింగ్ మెడ మీద ఉన్న చాసిస్ నంబరును కప్పి ఉంచమని చెప్పడం మరిచాను. పొడి కరిగి అంకెల గుంటలన్నీ నిండిపోయి, తనిఖీలో పెన్సిల్‌తో అచ్చు తీస్తే 3 ఏదో 8 ఏదో ఆనవాలు దొరకలేదు. ఆ పూత మళ్లీ గీకించి, రెండోసారి లైను కట్టాల్సి వచ్చింది. నంబరు ఉన్న చోట మాస్కింగ్ టేపు వేయించండి, అక్కడ గ్రైండర్ మాత్రం పెట్టనివ్వకండి. రంగు మార్చాలనుకుంటే ఆర్‌సీలో రాసి ఉన్న రంగూ మార్పించుకోవాలి. ట్యాంకు మీద మిగిలిన అసలు స్టిక్కర్లను, కొద్దిగా వంగిన పాత మడ్‌గార్డును పారేయకండి. ఈ బండి తయారీ ఆగి మూడు దశాబ్దాలు కావొస్తున్నందున, పెట్టెలో ‘ఒరిజినల్’ అని అమ్మేవాటిలో చాలావరకు నకిలీవే. వంగిన అసలు రేకు మెరిసే నకిలీ రేకు కన్నా మేలు.

ఇక మేడారం. హనుమకొండ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు ఉంటుంది. కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌కు మొదటి 500 కిలోమీటర్లు ఊళ్లోనే, సగం వేగంతో, లీటరుకు 40 మి.లీ. టూటీ ఆయిల్ కలిపి నడపాలి. తర్వాత 30 మి.లీ. చాలు. వెనుక మనిషితో, జాతర రద్దీలో, మొదటి గేరులో గంటల తరబడి పాకుతూ పోవడం కొత్త పిస్టన్‌కు అన్నిటికన్నా కఠిన పరీక్ష. జాతర నాటికి ఆ 500 పూర్తి కాకపోతే అమ్మతో బస్సులో వెళ్లి, రద్దీ తగ్గిన తర్వాత ఒక మామూలు రోజున బాపు బండి మీద మళ్లీ దర్శనం చేయించండి.

ప్రశ్న: మా నాన్న సింగరేణి ఉద్యోగి. ఆయన 2003లో కొన్న హీరో హోండా స్ప్లెండర్‌ను ఇప్పుడు నాకు ఇచ్చారు. నేను డిప్లొమా చదువుతున్నాను. దానిని 15,000 రూపాయల్లో స్క్రాంబ్లర్‌లా, అంటే మట్టి బాటల్లో తిరిగే బండిలా మార్చాలనుకుంటున్నాను. వెనుక ఫ్రేము కోసి పొట్టి చేయడం, వెడల్పు టైరు, గట్టిగా మోగే సైలెన్సర్, ఎల్‌ఈడీ హెడ్‌లైటు నా ఆలోచన. సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: మీరు ఎంచుకున్న బండి మంచిది. 97.2 సీసీ స్ప్లెండర్ 1994 నుంచి ఏళ్ల తరబడి పెద్దగా మారలేదు కనుక, దాని సామాను మండల కేంద్రంలోని చిన్న దుకాణంలో కూడా అందుబాటు ధరకు దొరుకుతుంది. మీ నాలుగు ఆలోచనల్లో మొదటిదానికి, మూడోదానికి నేను ఒప్పుకోను.

ఫ్రేము కోయకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన నిర్మాణ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ విషయాన్ని గట్టిగానే చెప్పింది. చట్టం మాట పక్కన పెట్టినా, సీటు కింది గొట్టాలు వెనుక షాకబ్జార్ల బరువును మోస్తాయి. ఎక్కడో కోసి, వెల్డింగు వేడికి మెత్తబడిన చోట అతికిస్తే, ఒక గుంతలో పడ్డ రోజున అది అతుకు పక్కనే విరుగుతుంది. ఇక సైలెన్సర్ విషయానికి వస్తే, శబ్ద కాలుష్యానికి సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఆ సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించే దృశ్యాలు మీరు చూసే ఉంటారు. పైగా 97 సీసీ ఇంజిన్‌కు ఖాళీ గొట్టం బిగిస్తే శబ్దం పెరుగుతుంది, లాగే బలం మాత్రం పెరగదు.

బోల్టు విప్పితే బండి మళ్లీ నాన్న బండిలా కనిపించాలి, నా దృష్టిలో మార్పులకు హద్దు అదే. ఆ హద్దులోనే చేయగలిగింది చాలా ఉంది. వెడల్పు హ్యాండిల్ బారు, కురచ మడ్‌గార్డులు, హెడ్‌లైటు చుట్టూ గుండ్రని కవరు, ఫోర్కులకు రబ్బరు మడతల తొడుగులు వేసుకోవచ్చు. వీటన్నిటికన్నా రూపాన్ని ఎక్కువగా మార్చేది సీటు. పాత సీటు బేసునే ఉంచి, ఫోమును చదునుగా కోయించి, గోధుమ రంగు రెక్సిన్‌తో అడ్డగీతల కుట్టు వేయిస్తే సగం పని అయినట్టే. సీటు కవర్లు కుట్టేవారి దగ్గర కూర్చొని, ఫోము కోసేటప్పుడు మీరే ఒకసారి కూర్చొని చూసుకోండి. వెనక్కి ఒక అంగుళం ఎక్కువ పల్లం పడినా గంట ప్రయాణంలో నడుము పట్టేస్తుంది.

టైరు వెనుక 3.00-18 దాకా సరిపోతుంది. అంతకన్నా వెడల్పు వేస్తే చైనుకు రాసుకుంటుంది, మైలేజీ పడిపోతుంది. ఎల్‌ఈడీ విషయంలో ఒక చిక్కు ఉంది. ఆ కాలపు స్ప్లెండర్‌లో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి కాకుండా మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది, ఇంజిన్ వేగాన్ని బట్టి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. మామూలు ఎల్‌ఈడీ బల్బు పెడితే మిణుకుమిణుకుమంటుంది. ఏసీ లైనుకు పనికొచ్చే బల్బునే అడిగి తీసుకోండి, లేదా పాత రిఫ్లెక్టరును శుభ్రం చేసి, హెడ్‌లైటు దగ్గర ఎర్త్ వైరు గీకి బిగిస్తే సగం వెలుగు ఉచితంగా తిరిగి వస్తుంది.

గోదావరిఖనిలో ఉంటున్నారు కనుక ఇంకో మాట. బొగ్గు పొడి, బూడిద మధ్య తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరును పుస్తకంలో రాసిన దూరంలో సగానికే శుభ్రం చేయించాలి. ఫ్రేము కోయడానికి అనుకున్న డబ్బులో కొంత ఇక్కడ పెట్టండి. 2003 బండి అంటే ఆర్‌సీ గడువు 2018లోనూ 2023లోనూ వచ్చి ఉంటుంది, నాన్నగారు రెండోసారి చేయించారో లేదో ఇవాళే చూడండి.

ప్రశ్న: మా దగ్గర 1988 నాటి బుల్లెట్ 350 ఉంది. కిక్ కొడితే వెనక్కి తంతున్నది. మొన్న మా మామయ్య పాదం వాచింది. ఎందుకిలా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: మీ బండి పాత ఇనుప సిలిండర్ ఇంజిన్. పిస్టన్ పైకి వచ్చి ఇంకా గరిష్ఠ స్థానానికి చేరకముందే స్పార్క్ పడితే, మంట పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, ఆ దెబ్బ కిక్ రాడ్ ద్వారా పాదానికి తగులుతుంది. కారణం మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది. పాయింట్ల ఖాళీ ఎక్కువై ఉండవచ్చు, దానిని 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టించండి. టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, ముందుకు జరిగి ఉండవచ్చు. ఇవి రెండూ సరిగ్గా ఉండి కూడా తంతుంటే, ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే, పాయింట్ల వెనుక ఉన్న ఆటో అడ్వాన్స్ యూనిట్‌లోని చిన్న స్ప్రింగులు సాగిపోయి, బరువులు వెనక్కి రాకుండా నిలిచిపోయి ఉంటాయి. స్ప్రింగులు చవకే.

తొక్కే పద్ధతి కూడా మామయ్యకు మళ్లీ చూపించండి. తాళం తిప్పి, కిక్‌ను మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చే చోట ఆపాలి. సిలిండర్ లోపలి ఒత్తిడిని వదిలే డీకంప్రెసర్ లీవరును పట్టుకొని కొద్దిగా, ఒక రెండు వేళ్ల మేర, కిందికి జరిపి, లీవరు వదిలి, కిక్‌ను పైకి తెచ్చుకొని, ఆపకుండా అడుగు దాకా ఒకేసారి తొక్కాలి. సగంలో భయపడి కాలు తీసేవారినే ఈ బండి తంతుంది. చెప్పులతో తొక్కకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: పాత సామాను వ్యాపారి ఒకరు 1978 నాటి యెజ్డీని 18,000 రూపాయలకు ఇస్తానంటున్నారు. కాగితాలు లేవట, వింటేజ్ కింద కొత్తగా రిజిస్టర్ చేయించుకోవచ్చునంటున్నారు. కొనవచ్చా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: ఆయన చెప్పింది సగం నిజం. 2021 జూలైలో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం, 50 ఏళ్లు దాటిన బండినే వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు. 1978 బండికి 2028 దాకా ఆ అర్హత రాదు. వచ్చినా కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, అంటే బండి ధర కన్నా ఎక్కువ. పైగా వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. మీరు నర్సంపేట నుంచి వరంగల్‌కు రోజూ దాని మీద వెళ్లాలని అనుకుంటున్నట్టయితే అది కుదరని పని.

యెజ్డీలను తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా 1996లో మూతపడింది. ఇంజిన్ సామాను ఇప్పటికీ ఢిల్లీ కరోల్ బాగ్‌లోనో చెన్నై పుదుపేటలోనో వెతికితే దొరకవచ్చు, కానీ ఒక్కో భాగం కోసం నెలలు ఆగాలి. అందుకు సిద్ధమైనా, డబ్బు ఇవ్వక ముందు ఒక పని చేయండి. బండి నంబరు ప్లేటు, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు మూడింటినీ దగ్గరగా ఫొటో తీసుకొని, ఆ బండి మొదట రిజిస్టరైన రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి రికార్డు అడగండి. పాత బండ్ల వివరాలన్నీ ఫోనులోని యాప్‌లో కనిపించకపోవచ్చు. రికార్డులో యజమాని దొరికితే ఆయనతో అమ్మకపు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకొని కొనవచ్చు; ఆయన లేకపోతే వారసులు ముందు ఫారం 31తో బండిని తమ పేరుకు మార్చుకోవాలి. నంబరు మీద గ్రైండర్ గీతలు కనిపించినా, ఫొటో తీసుకోవద్దని వ్యాపారి అడ్డుపడినా, ఆ బండిని అక్కడే వదిలేసి రండి.